అరగంట నడకకి అయిదు వాటాలు

నీలంపేటలో తెలివైన వాళ్ళెవరని ఎవరైనా అడిగితే, నేర్పుల భద్రయ్య ఇంట్లో ఆరుగురూ చెయ్యి పైకెత్తుతారు. మిగతా ఊరు ఎత్తదు. నవ్వాపుకోవడానికి వాళ్ళకి రెండు చేతులూ కావాలి.

భద్రయ్య, ఆయన భార్య వరహాలమ్మ, కొడుకులు సింహాద్రి, అప్పన్న, కోడళ్ళు పైడమ్మ, నూకాలు. ఇదీ ఆ మేధావుల మంద. ఆ ఇంటికి తాతలనాటి నియమం ఒకటుంది. ఒకరి మీద పడ్డ పనిని అందరూ సమానంగా పంచుకోవాలి. వినడానికి ఎంత బాగుంది! ఒకసారి భద్రయ్యకి జ్వరమొచ్చి, తగ్గితే గుండు చేయించుకుంటానని మొక్కుకున్నాడు. జ్వరం తగ్గింది. అంత బరువు ఒక్క తల మీద పెట్టడం అన్యాయం కదా! ఇంకేముంది, ఆరుగురూ కొండెక్కి, ఒక్కొక్కరూ తలలో ఆరోవంతు గొరిగించుకుని దిగివచ్చారు. వారంరోజుల పాటు సొంత కుక్కే వాళ్ళని గుమ్మంలోకి రానివ్వలేదు.

"చూశారా? ఇంట్లో ఒక్కరికీ గుండు కాలేదు. మొక్కు మాత్రం తీరిపోయింది" అన్నాడు భద్రయ్య, మిగిలిన జుట్టు దువ్వుకుంటూ.

వరహాలమ్మకి ఆ నియమం మీద గురి ఎక్కువ. ఉండదూ మరి? కాపరానికి వచ్చి నలభై ఏళ్ళయింది, ఇంతవరకూ ఏ పనీ మొదటినుంచి చివరిదాకా ఒక్కత్తీ చేసి ఎరగదు. బిందె నీళ్ళు తేవాలన్నా ముగ్గురు వెళ్ళి ఒలకబోసుకుంటూ వచ్చేవారు. పంచుకోవడానికి వీల్లేకుండా ఆవిడ వంతుకొచ్చింది ఒక్కటే. షుగరు.

పదేళ్ళుగా ఉన్న షుగరు ఈమధ్య కాళ్ళలోకి దిగింది. పాదాల్లో మంట. నిప్పుల మీద నిలబెట్టినట్టు ఒకసారి, సూదులు గుచ్చినట్టు ఒకసారి, చీమలు పాకినట్టు ఒకసారి. దుప్పటి తగిలినా ఓర్చుకోలేదు. నిద్ర పట్టదు. ఆవిడ మూలుగుతుంటే మిగతా అయిదుగురూ చుట్టూ కూచుని తలా కొంచెం మూలిగేవారు. మంట మాత్రం పిసరంత తగ్గలేదు.

సరిగ్గా అప్పుడే గెడ్డకి, అంటే ఊరి పక్క వాగుకి, ఆవల ఉన్న అవతలిపాలెం నుంచి చెల్లెలు సింగారమ్మ కబురు పంపింది. కూతురికి ఆడపిల్ల పుట్టింది, ఇరవై ఒకటో రోజున బారసాల అని. వాళ్ళింట్లో పుట్టిన ప్రతి బిడ్డనీ ఉయ్యాల్లో వేసింది వరహాలమ్మే. ఆ చెయ్యి మంచిదని పేరు. "ఈసారి నువ్వు రాలేకపోతే మా ఆడపడుచు కనకాలు వేస్తానని ఇప్పటినుంచే చేతులు కడుక్కుని కూచుంది" అని కబురుకి తోక కూడా తగిలించింది.

కనకాలా! వరహాలమ్మకి కాళ్ళమంట నెత్తికెక్కింది. కానీ అవతలిపాలేనికి బండిదారి లేదు. పొలం గట్ల మీద ముప్పావుగంట నడవాలి, మధ్యలో గెడ్డ మీద తాటిదూలాల వంతెన దాటాలి. ఆవిడకేమో వీధి గుమ్మం దాకా వెళ్ళడమే గగనంగా ఉంది.

అందుకని అందరూ కలిసి ఆవిణ్ణి సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు పాదాలు పరీక్ష చేసి, మందులు రాసి, విడమరిచి చెప్పాడు.

"షుగరు వల్ల కాళ్ళ నరాలు దెబ్బతిన్నాయమ్మా. మందులొక్కటే చాలవు. రోజూ అరగంట నడక ఉండాలి. నడిస్తే రక్తం బాగా ఆడుతుంది, షుగరు అదుపులోకి వస్తుంది, మంటా నెమ్మదిస్తుంది. మంచి చెప్పులు వేసుకోండి. ఒట్టికాళ్ళతో వద్దు. రోజూ పాదాలు చూసుకోండి, దెబ్బ తగిలినా మీకు తెలియకపోవచ్చు. నెలకి మళ్ళీ రండి."

మందులిచ్చే అతను ఈ కుటుంబాన్ని ఎరిగున్నవాడు. మాత్రలు చేతిలో పెడుతూ, "ఇవి ఈవిడ ఒక్కత్తే మింగాలి. ఇంకెవరు మింగినా ఊరుకోను" అని వేలు చూపించి మరీ చెప్పాడు. అతని పుణ్యమా అని మాత్రలు వాటాలు పడలేదు.

నడక గురించి మాత్రం ఎవరూ అలా వేలు చూపించలేదు.

ఇంటికొచ్చి సభ తీర్చారు. "రోజూ అరగంట. పాపం, కాళ్ళు మండే మనిషి అంతసేపు ఎలా నడుస్తుంది?" అన్నాడు భద్రయ్య.

"మనం లేమా నాన్నా? అయిదుగురం. తలా ఆరు నిమిషాలు" అన్నాడు సింహాద్రి.

"అమ్మ వంతో?" అని అడిగాడు అప్పన్న.

"అమ్మ పడుకుంటుంది. ఆవిడ వంతు మంట ఎలాగూ ఆవిడ పడుతోందిగా."

వరహాలమ్మ కళ్ళు చెమర్చాయి. ఇలాంటి సంతానం ఎందరికి ఉంటుంది? నిజమే, ఎందరికీ ఉండదు. ఊరు చేసుకున్న పుణ్యం.

అంతే. మర్నాటి నుంచి ఆవిడ మంచం మీద పడుకోవడం, వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వీధిలో ఆరేసి నిమిషాలు నడిచి రావడం. పాదాలు చూసే పని కూడా పంచుకున్నారు. పది వేళ్ళు, అయిదుగురు మనుషులు, తలా రెండు వేళ్ళు. ఎడమ చిటికెనవేలు నూకాలుది. పొరపాటున పైడమ్మ దాన్ని చూసిందని ఒకరోజు తోడికోడళ్ళిద్దరికీ మాటలు లేవు.

వారం తిరిగేసరికి అప్పన్న బొజ్జ కాస్త లోపలికెళ్ళింది. భద్రయ్యకి ఏళ్ళతరబడి ఉన్న మలబద్ధకం వదిలింది. పైడమ్మ మొహం కళకళలాడుతోంది. వరహాలమ్మ పాదాలు మాత్రం భగభగలాడుతున్నాయి.

'నడక బాగానే పనిచేస్తోంది. మందు ఇంట్లోకొచ్చింది, నా మంచం దాకా రావట్లేదంతే' అనుకుందావిడ.

ఎనిమిదో రోజున నర్సు ఎస్తేరమ్మ ఇళ్ళు తిరుగుతూ వచ్చింది. ఆ పల్లెలన్నిటికీ సూది వేసేదీ, పురుడు పోసేదీ ఆవిడే. సింగారమ్మ మనవరాల్ని భూమ్మీదికి తెచ్చిందీ ఆవిడే.

"నడక సాగుతోందా వరహాలమ్మా?"

"ఒక్క నిమిషం తగ్గకుండా సాగుతోందమ్మా."

"మంట తగ్గిందా?"

"రవ్వంతైనా తగ్గలేదు."

ఎస్తేరమ్మ నొసలు చిట్లించింది. "చెప్పులు వేసుకునేనా నడిచేది?"

ఇంట్లో అందరూ మొహమొహాలు చూసుకున్నారు. అదీ సంగతి! వరహాలమ్మ కోసం కొన్న కొత్త చెప్పులు చూరుకింద బుద్ధిమంతుల్లా కూచునున్నాయి. వీళ్ళేమో ఎవరి చెప్పులతో వాళ్ళు నడుస్తున్నారు. అలా నడిస్తే ఆ నడక ఆవిడకి ఎలా చెందుతుంది?

"ఇవాళ్టినుంచి వేసుకుంటామమ్మా" అన్నాడు భద్రయ్య. ఎస్తేరమ్మ ఆ 'టాము' ఏమిటో ఆలోచించకుండా వెళ్ళిపోయింది. పాపం, ఇంకా పదమూడు ఇళ్ళున్నాయి.

ఇంకేముంది, వంతులవారీగా అయిదు జతల కాళ్ళు ఆ ఒక్క జతలో దూరాయి. నూకాలుకి సరిపోయాయి. సింహాద్రికి వేళ్ళు మాత్రం పట్టాయి. భద్రయ్య సంగతి చెప్పక్కర్లేదు. మెలితిప్పిన మీసాలు, పైకి కట్టిన పంచె, కింద పువ్వులున్న ఎర్ర చెప్పులు, వాటి వెనక బెత్తెడు మడమ. వీధి అరుగుల మీద జనం ఆ ఆరు నిమిషాల కోసం పనులు మానుకుని కూచునేవారు.

నాలుగోరోజున ఎడమ చెప్పు తెగింది. సింహాద్రి దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని పరుగున వచ్చాడు. "అమ్మా, శుభవార్త! నీ కాలు అరిగేంత నడిచేశావ్!"

వరహాలమ్మ తన ఎడమకాలు చూసుకుంది. అరగలేదు. ఇంకా మండుతోంది. బారసాలకి తొమ్మిది రోజులుంది. అవతలిపాలెంలో కనకాలు చేతులు ఎన్నిసార్లు కడుక్కుని ఉంటుందో!

అప్పుడే ఎస్తేరమ్మ వీధి మలుపు తిరిగింది. ఎదురుగా భద్రయ్య, ఒక కాలికి ఎర్ర చెప్పు.

"ఏమిటయ్యా ఇది?"

భద్రయ్య గర్వంగా అంతా చెప్పాడు. వాటాలు, నిమిషాలు, చెప్పులు. వింటూ వింటూ ఎస్తేరమ్మ చేతిలో సంచీ జారి కింద పడింది.

"ఓరి దేవుడా! చెప్పులు తిరగడం కాదయ్యా, మనిషి తిరగాలి! వరహాలమ్మ మంచం మీద ఉంటే ఎలా? రోజూ ఊరు ఒక చుట్టు తిరిగి రావాలి ఆవిడ!" అని, పక్కవీధిలో పురిటి నొప్పులంటే అటు పరిగెత్తింది.

"విన్నారా? అమ్మ తిరగాలట" అన్నాడు అప్పన్న.

"మరి పడుకోబెట్టింది మనమేగా. లేపితే కాళ్ళు మండుతాయి" అంది పైడమ్మ.

"లేపడమెందుకు? మంచంతో సహా తిప్పితే సరి!" అన్నాడు సింహాద్రి.

ఆహా, ఏం బుర్ర! అంతే, నులకమంచానికి నాలుగు మూలలా నలుగురు. సింహాద్రి, అప్పన్న, పైడమ్మ, నూకాలు. ముందు భద్రయ్య, దారిలో ఆవులూ మేకలూ తప్పుకోవడానికి గంట వాయిస్తూ. మంచం మీద వరహాలమ్మ, ఎండ తగలకుండా మొహం మీదికి తెల్లదుప్పటి లాక్కుని. పదేళ్ళలో ఎప్పుడూ ఇంత హాయిగా ఊరు చూడలేదావిడ. నిజానికి దుప్పటి వల్ల అప్పుడూ చూడలేదు.

చూసినవాళ్ళు మాత్రం చూశారు. కొట్టుమీద కూచున్న శెట్టి లేచి నిలబడి దండం పెట్టాడు. ఇద్దరు ముసలమ్మలు కొంగు నోట్లో కుక్కుకున్నారు. అవతలిపాలెం నుంచి పెసలు అమ్ముకోవడానికొచ్చిన ఒకతను గంప అక్కడే వదిలేసి గెడ్డ దాటాడు.

రెండో చుట్టు పూర్తయ్యేసరికి సింగారమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చి మంచం మీద పడింది. "అక్కా! నా మనవరాల్ని ఉయ్యాల్లో వెయ్యకుండానే వెళ్ళిపోయావా అక్కా!"

వరహాలమ్మ దిగ్గున లేచి కూచుంది. చెల్లెలు ఏడుస్తోంది. ఎవరో పోయినట్టున్నారు. ఎవరైతేనేం? ఏడుపు పంచుకోకపోతే అప్పచెల్లెళ్ళెందుకు? ఆవిడా సింగారమ్మని వాటేసుకుని ఘొల్లుమంది. మంచం దింపి మిగతావాళ్ళూ అందుకున్నారు. నడివీధిలో ఒక పావుగంట రాగాలు తీశాక, ముందుగా అలిసిపోయిన వరహాలమ్మ ముక్కు చీది అడిగింది.

"ఇంతకీ పోయిందెవరే?"

"నువ్వే కదక్కా!"

వరహాలమ్మ మళ్ళీ ఏడవబోయింది. అవతల పురుడు పోసి వస్తున్న ఎస్తేరమ్మ ఆ గుంపులోంచి తోసుకుంటూ వచ్చింది. ఆవిడ మొహం చూసి ఏడుపు దానంతటదే ఆగింది.

"నోళ్ళు మూసుకుని వినండి. ఒక్కసారే చెప్తాను. ఎక్కడ నొప్పి ఉందో, అదే నేలకి ఆనించి నడవాలి! ఈవిడ కాళ్ళు మండుతున్నాయి, కాబట్టి ఈవిడ కాళ్ళే నడవాలి. మీ కాళ్ళు కాదు, చెప్పులు కాదు, మంచంకోళ్ళు కాదు! ఇవాళ పది నిమిషాలు. మెల్లమెల్లగా పెంచుకుంటూ అరగంటకి రావాలి. ఎవరూ వాటాకి రాకూడదు. తెలిసిందా?"

"ఎక్కడ నొప్పి ఉందో, అదే నేలకి ఆనించి నడవాలి" అని ఆరుగురూ వల్లించారు. ఏ మాటైనా ఒకసారి బుర్రకెక్కితే దిగే అలవాటు లేదు వాళ్ళకి.

ఆ పది నిమిషాలూ వరహాలమ్మకి పదేళ్ళయ్యాయి. తెగిన చెప్పు కుట్టించారు. మొదటిరోజు అడుగు వేసినప్పుడల్లా ఎస్తేరమ్మని తిట్టుకుంది. రెండోరోజు కనకాలుని తిట్టుకుంది, దాంతో నడక వేగం పెరిగింది. అయిదో రోజుకి తిట్లు అయిపోయినా నడక మిగిలింది. ఏడో రోజున అరగంట నిండింది. మంట మాయమైపోలేదు. మాయమవుతుందని డాక్టరూ అనలేదు. కానీ సూదులు కాస్త మొద్దుబారాయి. దుప్పటి కప్పుకుంటే ఓర్చుకోగలిగింది. ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయింది.

మిగతా అయిదుగురూ మాత్రం దిగులుపడ్డారు. "నలభై ఏళ్ళ కాపరంలో మొదటిసారి అమ్మ మనకి పెట్టకుండా ఒక్కత్తీ ఏదో అనుభవిస్తోంది" అన్నాడు అప్పన్న.

బారసాల రోజు వచ్చింది. వరహాలమ్మ పట్టుచీర కట్టుకుని, ఎర్ర చెప్పులు తొడుక్కుని ముందు నడిచింది. వెనక భద్రయ్య చేతిగడియారం చూసుకుంటూ, ఆయన వెనక పిల్లలు చలిమిడి గిన్నె, చీరసారె మోసుకుంటూ. పొలం గట్లు దాటారు. తాటిదూలాల వంతెన ఎక్కారు. అటు ఒడ్డున సింగారమ్మ చుట్టాలతో ఎదురొచ్చి చేతులూపుతోంది. వంతెన సరిగ్గా సగమైంది.

"ఆగు! అరగంట అయింది!" అని అరిచాడు భద్రయ్య.

వరహాలమ్మ ఉన్నచోటే ఆగిపోయింది, ఎత్తిన కాలు కూడా జాగ్రత్తగా వెనక్కి పెట్టుకుని.

"ఏమైందక్కా? రా! ఇంకెంత, నాలుగడుగులు!"

"ఇవాళ్టి నడక అయిపోయిందే సింగారీ! మిగతా నాలుగడుగులూ రేపటివి."

"రేపా? ముహూర్తం ఇంకో గంటలో దాటిపోతుందే!"

"ఏం చెయ్యను మరి? అరగంట అన్నారు. ముప్పావుగంట అని ఎవరూ అనలేదు."

ఇద్దరు పక్కపక్కన పట్టని వంతెన. వెనకవాళ్ళు ముందుకి పోలేరు, ముందువాళ్ళు ఇటు రాలేరు. సింహాద్రి మామూలు సాయం చెయ్యబోయాడు. "అమ్మా, మిగతా పావుగంట మేం పంచుకుంటాం. తలా మూడు నిమిషాలు నడిచి, తలా కాసేపు బిడ్డని ఉయ్యాల్లో వేసి వచ్చేస్తాం. నువ్విక్కడే కూచో."

అవతల ఒడ్డున సింగారమ్మ పక్కన కనకాలు అప్పుడే చేతులు తుడుచుకోవడం వరహాలమ్మ కంటపడింది.

"వాటా లేదు గీటా లేదు! ఆ బిడ్డని నేనే వేస్తాను. అడుగు కదిపారో, గెడ్డలో పడతారు!" అని రెండు చేతులూ చాపి వంతెనకి అడ్డంగా నిలబడింది. ముందుకి వెళ్ళదు, వెనక్కి రాదు, ఇంకొకర్ని పోనివ్వదు. ముహూర్తం మాత్రం ఆవిడ కోసం ఆగలేదు. అరగంట గడిచింది. చలిమిడి ఎండకి బీటలు వారింది.

భోజనానికి పిలిస్తే వచ్చిన ఎస్తేరమ్మ, భోజనం ఎందుకు మొదలవలేదో చూద్దామని గెడ్డ ఒడ్డుకొచ్చింది. సంగతి విని నెత్తి కొట్టుకుంది. వీళ్ళతో వాదించే ఓపిక లేక, "వరహాలమ్మా! రేపటి అరగంట ఇవాళే వాడేసుకో, నడు!" అని కేకేసింది.

"అలా వాడుకోవచ్చా?"

"వచ్చు, వచ్చు, రా!"

ఇంకేముంది! వరహాలమ్మ చీర కుచ్చిళ్ళు పైకెత్తి చకచకా నడిచింది. ముహూర్తం ఇంకా పది నిమిషాలుందనగా బిడ్డని ఎత్తి ఉయ్యాల్లో పడుకోబెట్టింది. అది కళ్ళు తెరిచి బోసినవ్వు నవ్వింది. కనకాలు కడుక్కున్న చేతులతో తాంబూలాలు పంచింది.

తిరిగొచ్చేసరికి రేపటిదీ, ఎల్లుండిదీ కూడా నడక అయిపోయింది. కాబట్టి వరహాలమ్మ నిక్షేపంగా మంచమెక్కింది. అంతటితో ఊరుకుంటే నేర్పుల వారెందుకవుతారు? ముందే నడిచి పెట్టుకునే సదుపాయం ఉందని తెలిశాక, మూడోరోజు పొద్దున రెండు గంటలపాటు నడిచి, నాలుగు రోజుల నడక ఒకేసారి తీర్చేసి, మిగతా మూడు రోజులూ కాళ్ళు చాపుకుని పడుకుంది. అంతే. మొద్దుబారిన సూదులు మళ్ళీ పదునెక్కాయి. నిద్ర ఎగిరిపోయింది, మూలుగు వచ్చింది.

ఎస్తేరమ్మ మండుటెండలో తిరిగి తిరిగి వచ్చి ఇది చూసింది.

"నిన్న తిన్న అన్నం ఇవాళ ఆకలి తీరుస్తుందా? నడకా అంతే! ఏ రోజుది ఆ రోజే నడవాలి, లే!" అని గద్దించి, గుమ్మంలో కూలబడి నుదురు పట్టుకుంది. "అబ్బ, తలనొప్పి. పొద్దున్నుంచీ పగిలిపోతోంది. ఇంటికి పోతాను." లేచి సంచీ తగిలించుకుని నడుచుకుంటూ బయల్దేరింది.

వరహాలమ్మ గుమ్మంలోకి వచ్చింది. తన కాళ్ళకి దారి చూపించిన మనిషి. ఆవిడ నొప్పికి తాము ఏమీ చెయ్యలేరా? వెళ్తున్న ఎస్తేరమ్మని తేరిపార చూసింది. చూసి ఉలిక్కిపడింది.

"ఏమండోయ్! నొప్పి తలలో పెట్టుకుని, పాపం కాళ్ళతో నడుస్తోంది!"

భద్రయ్య నిర్ఘాంతపోయాడు. ఎక్కడ నొప్పి ఉందో, అదే నేలకి ఆనించి నడవాలి కదా! చెప్పిన మనిషే మర్చిపోయింది. నొప్పి అంత గట్టిగా ఉన్నట్టుంది. ఆ వయసులో ఒక్కత్తీ తలకిందులుగా నడవాలంటే మాత్రం ఎలా? ఎవరైనా కాళ్ళు పట్టుకోవాలి.

"ఎస్తేరమ్మా! ఆగమ్మా! తలకిందులుగా మేం పట్టుకుంటాం! పది నిమిషాలే, మెల్లమెల్లగా పెంచుకుందాం!"

ఎస్తేరమ్మ వెనక్కి తిరిగి చూసింది. చేతులు చాపుకుని ఆరుగురు. ముందు వరహాలమ్మ, ఎర్ర చెప్పులతో. అంతే, సంచీ చంకన పెట్టి పరుగు లంకించుకుంది. ఊరు ఒక చుట్టు, గట్ల మీదుగా ఇంకో చుట్టు, సరిగ్గా అరగంట. దొరకలేదు. మర్నాడు సూదులు వెయ్యడానికి వచ్చినప్పుడు, "తల ఎలా ఉందమ్మా?" అని వరహాలమ్మ గుమ్మంలోంచి లేచేసరికి మళ్ళీ మొదలు. ఆ మర్నాడూ అంతే.

రెండో నెలలో డాక్టరు చూశాడు. షుగరు దిగింది. పాదాల్లో పుండు లేదు, మంట చాలావరకు నెమ్మదించింది. ఆయన ముచ్చటపడ్డాడు. "రోజూ తప్పకుండా నడుస్తున్నారన్నమాట. ఇలాగే సాగించండి, మానేశారంటే మళ్ళీ మొదటికొస్తుంది."

"మా చేతుల్లో ఏముంది బాబూ?" అని నిట్టూర్చింది వరహాలమ్మ. "ఆ ఎస్తేరమ్మ ఒక్కసారి ఆగి తల కింద పెడితే, మాకీ నడక తప్పును."